అల్లుడు లేచేడా?

మొన్న మా కాలేజీలో పిల్లలకి వాదనల పోటీ పెట్టేరు. విషయం, జ్యోతిషం నిజమా అబద్ధమా. ఫిజిక్స్ చెప్పేదాన్ని కదా, మార్కులు వెయ్యడానికి నన్ను కూర్చోబెట్టేరు. శ్రీకాకుళంలో ఎండ అప్పటికే మాడు పగలగొడుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటేగానీ గాలి లేదు. ఒక కుర్రాడు మైకు పట్టుకుని ఊగిపోతున్నాడు. "కోట్ల మైళ్ళ అవతలున్న అంగారకుడికి మన ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల మీద పగేటండీ? దాని పెళ్ళి చెడగొట్టడం తప్ప ఆ గ్రహానికి ఇంకే పనీ లేదా?" హాలంతా చప్పట్లు.

నేనూ కొట్టాల్సిందే. ఆ మాటలు నావి. అదే మాట, అదే ఊపుతో, బొబ్బిలిలో మా పిన్ని ఎదురుగా నించుని ఎన్నిసార్లు అన్నానో. ఆవిడ నవ్వి, నోట్లో లవంగాన్ని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చుకుని, "తిన్నావేటే?" అని అడిగేది. నా వాదన ఎంత గొప్పదైనా ఆవిడ మొదటి జవాబు మాత్రం అదే. తిన్నానంటే అప్పుడు మొదలెట్టేది. తినలేదంటే వాదన వాయిదా.

పిన్ని పోయి మూణ్ణెల్లయింది. ఆ హాల్లో, ఆ చప్పట్ల మధ్య, వెనకనుంచి ఎవరైనా తిన్నావేటే అని అడిగితే బావుణ్ణనిపించింది. అంతే, కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. పక్క కుర్చీలో తెలుగు మాస్టారు ఉక్కపోతకనుకున్నారు కాబోలు, చేతిలో కాగితాలతో నాకు విసరడం మొదలెట్టేరు.

పిన్నంటే మా అమ్మ చెల్లెలు. జాతకాలు చూసేది. మా తాతగారు సిద్ధాంతి. గుడి సేవ, పంచాంగం, ముహూర్తాలు, అదే ఆ ఇంటి బతుకు. ఆయనకి మగపిల్లల్లేరు. పిన్ని పెళ్ళి చేసుకుని వెళ్ళి, మూడేళ్ళు తిరక్కుండానే బాబాయి కామెర్లతో పోతే పుట్టింటికి వచ్చేసింది. మూల కూర్చుని ఏడవమని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈవిడ మూల కాదు, తండ్రి పక్కన కూర్చుంది. లెక్కలు నేర్చుకుంది. తాతగారు పోయేక ముందుగదిలో ఆ చాప మీదే తనూ చతికిలబడింది. ఆడది జాతకం చూడ్డవేఁవిటని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళే ఆర్నెల్లకి పిల్లల జాతకాలు పట్టుకుని అరుగు మీద వరసగా కూర్చున్నారు.

ఆవిడ జాతకం చూడ్డం ఒక తమాషా. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కాగితాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని, బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద పరిగెట్టిస్తూ పెదవులు కదిపేది. మంచిదైతే వెంటనే చెప్పేసేది. మంచిది కాకపోతే, "ఒసే, కాసిన్ని మంచినీళ్ళియ్యి" అని లోపలికి కేకేసేది. ఆ నీళ్ళు తాగినంతసేపూ ఏం చెప్పాలో ఆలోచించుకునేదని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. ఎదటివాళ్ళకి తెలిసేది కాదు. ఎవరైనా ఆయుష్షు సంగతి అడిగితే మాత్రం, "ఆ పాఠం వచ్చేసరికి మా నాన్నగారు పోయేరు నాయనా, నేర్చుకోలేదు" అనేది. అది శుద్ధ అబద్ధం. అన్ని పాఠాలూ నేర్చుకుంది.

ఆ ఒక్క అబద్ధం తప్ప ఆవిడ నోట ఇంకోటి రాదని మేమందరం అనుకునేవాళ్ళం.

పల్లెల్నుంచి రైతులొచ్చేవారు. ఒకసారి ఒకాయన గోనెసంచిలో బీరకాయలు తెచ్చి గుమ్మంలో దించి, "అమ్మా, మా ఓడికి ఉజ్జోగం వస్తాదా రాదా సూసి సెప్పమ్మా" అన్నాడు.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"మీవాడు దరఖాస్తు పెట్టేడా?"

"నేదమ్మా. గ్రవాలు బాగున్నాయంటే పెడతానంతన్నాడు."

"గ్రహాలు బాగానే ఉన్నాయి గానీ వాటికి దరఖాస్తు రాయడం రాదు నాయనా. వాణ్ణే రాయమను," అంది పిన్ని. ఆయన ఎంత సంతోషంగా వెళ్ళేడో. నేను తలుపు వెనక నవ్వు ఆపుకోలేక చచ్చేను. వాడికి ఉద్యోగం వచ్చింది కూడాను. అది పిన్ని గొప్పా, దరఖాస్తు గొప్పా అని మేమిద్దరం ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా పోట్లాడుకున్నాం.

మా పోట్లాటలకి లెక్క లేదు. కాలేజీలో చేరినప్పట్నుంచీ సెలవలకి నేను బొబ్బిలి వెళ్ళేదే అందుకు. గ్రహణం ఎప్పుడొస్తుందో చెప్పడం గణితం, మా పక్కింటి శారదకి పెళ్ళి ఎప్పుడవుతుందో చెప్పడం సోది, రెండిటినీ ఒకే పుస్తకంలో అచ్చేసి అమ్మకండి అనేదాన్ని. "ఒకే రోజు ఒకే ఆస్పత్రిలో పుట్టిన పిల్లలందరికీ ఒకే బతుకొస్తోందా పిన్నీ?" అనేదాన్ని. "ఒకే బళ్ళో కూర్చున్న పిల్లలందరికీ ఒకే మార్కులొస్తన్నాయేటే?" అనేది. నేను కోపంతో లేచిపోతే, "ఆగు, ఆవకాయ కలుపుతన్నాను" అని చెయ్యి పట్టుకు కూర్చోబెట్టేది. ఆవకాయంటే ఉత్త ఆవకాయ కాదు. కందిపప్పు దోరగా వేయించి, ముద్దగా ఉడకేసి, వేడన్నంలో పప్పు ఎక్కువ అన్నం తక్కువగా కలిపి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఆవకాయ బద్ద. ముద్దపప్పు లేని రోజున ఆవిడ మొహం చూడాలి. "ఇదేం భోజనమే, శ్రాద్ధం కూడా ఇంతకన్నా నయం" అనేది.

ఓసారి కడుపు మండి అనకూడని మాట అనేశాను. "నీ పెళ్ళికి పొంతన చూసింది ఎవరు? తాతయ్యే కదా. అంతటి సిద్ధాంతి చూసి చేస్తే మరి బాబాయి ఎందుకు పోయేడు?"

కోప్పడుతుందనుకున్నాను. వేళ్ళ కణుపులు ఒకసారి తడుముకుంది. "మా అత్తవారు ఆయన పుట్టిన టైము దిద్దేరే," అంది. "ఉన్నదున్నట్టు చెప్తే నాన్నగారు ఒప్పుకోరని తెలిసి, గంట ముందుకి జరిపి చెప్పేరు. ఆయన పోయేక మా అత్తగారే నా ఎదర ఏడుస్తూ ఒప్పుకుంది. నాన్నగారి లెక్క తప్పలేదు. ఆయన చేతికి అబద్ధం ఇచ్చేరు."

కామెర్లకి మందు సరిగ్గా పడక పోయేడు పిన్నీ అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు.

అందుకే ఆవిడకి ఒక పట్టు. టైము దిద్దదు. చంపినా దిద్దదు. సంబంధం కుదరడం కోసం అయిదు నిమిషాలు అటూ ఇటూ జరపమని అడిగేవాళ్ళు ఎక్కడ చూసినా ఉంటారు, జరిపేవాళ్ళూ ఉంటారు. ఓ రైసుమిల్లు ఆసామి కారు వేసుకొచ్చి, కూతురి జాతకం కాస్త సర్దమని బతిమాలేడు. "పుట్టిన టైము దిద్దడం అంటే పిల్లని ఇంకోసారి కనడం. కన్నతల్లికే చేతకాదు, నావల్ల ఏఁవవుతుంది" అని లేచి లోపలికి పోయింది. ఆయన తెచ్చిన మావిడిపళ్ళ బుట్ట కూడా కార్లో తిరిగి పెట్టించేసింది. ఆ మాట విజయనగరం దాకా పాకింది. బొబ్బిలి అమ్మగారు టైము దిద్దరు అని పేరొచ్చేసింది.

ఇంక నా సంగతి.

నాకు శృంగవరపుకోటలో ఉద్యోగం వచ్చింది. అక్కడే కెమిస్ట్రీ చెప్పే ఆయన్ని చేసుకుందామనుకున్నాను. ఆయనా అనుకున్నాడు. కులం కలిసింది, ఇరువైపులా అందరికీ నచ్చింది. అప్పుడు మా అత్తగారు నా జాతకం అడిగి పట్టుకెళ్ళి శృంగవరపుకోటలోనే ఎవరో సిద్ధాంతికి చూపించుకుంది. ఎనిమిదో ఇంట్లో కుజుడన్నారు. అలాంటి పిల్లని చేసుకున్నవాడికి ఆయుష్షుండదన్నారు. ఆవిడకి ఒక్కడే కొడుకు. ఆవిడ అన్నం మానేసింది.

"రిజిస్ట్రారాఫీసుకి పోదాం పద" అన్నాను ఆయనతో. "మా అమ్మ పస్తుంటే నేను పెళ్ళిబట్టలెలా కట్టుకోనే" అన్నాడు. తప్పు పట్టలేకపోయేను. అయినా ఒళ్ళు మండిపోయింది. కోట్ల మైళ్ళ దూరంలో ఎర్రగా తిరుగుతున్న ఒక రాయి, నాకు కావలసిన ఒక్క మనిషినీ పట్టుకుపోతోంది. నేను ఏడ్చింది చాలా తక్కువసార్లు. ఆ వారమంతా ఏడ్చేను.

అత్తగారికి ఆ కోట సిద్ధాంతి మాట మీద పూర్తిగా నమ్మకం చాల్లేదు. టైము దిద్దని మనిషి ఒకావిడుంది కదా, ఆవిడ నోటితోనే విని తేల్చుకుందామని బస్సెక్కి బొబ్బిలి వచ్చింది. సొంత పిన్ని కదా, పక్షపాతం చూపిస్తుందేమోనన్న అనుమానం కూడా రాలేదావిడకి. పిన్ని పేరు అలాంటిది. నేనూ అమ్మా ముందురోజే వెళ్ళి ఉన్నాం. నేను గడప దగ్గర, అమ్మ వంటింటి గుమ్మంలో.

పిన్ని కళ్ళజోడు నుదుటి మీదకి తోసింది. ఆ జాతకం రాసింది తాతగారే. ఆవిడకి కంఠతా వచ్చు. అయినా కాగితం దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. బొటనవేలు కణుపుల మీద నడిచింది. తరవాత మంచినీళ్ళు అడిగింది.

అయిపోయిందనుకున్నాను. నీళ్ళు నేనే తెచ్చిచ్చేను. గ్లాసు అందుకుంటూ నా మొహంలోకి చూసింది. మొత్తం తాగింది.

"వదినగారూ, ఈ జాతకం తప్పు," అంది.

అత్తగారు ఉలిక్కిపడింది. "మీ నాన్నగారు వేసిందే కదండీ?"

"లెక్క తప్పు కాదు. టైము తప్పు. మా అక్కకి నొప్పులొచ్చిననాడు నాన్నగారు ఊళ్ళో లేరు, ముహూర్తానికి వెళ్ళేరు. గోడగడియారం ఆగిపోయి ఉంది. మిల్లు కూత విని టైము గుర్తుపెట్టుకోమని నన్ను అరుగు మీద కూర్చోబెట్టేరు. జూట్ మిల్లు వాళ్ళు పొద్దున్న రెండు కూతలు వేసేవారు. పనివాళ్ళని లేపడానికి అయిదున్నరకి ఒకటి, గేటు మూసేటప్పుడు ఆరుకి ఇంకోటి. పిల్ల కేరుమన్నప్పుడు కూసింది మొదటి కూత. నేను కునికిపాట్లు పడుతూ రెండోదనుకున్నాను. తరవాత అసలు రెండోది కూసింది. తప్పు చెప్పేనని తెలిస్తే నాన్నగారు చంపేస్తారని నోరు మూసుకున్నాను. అయిదున్నరకైతే లగ్నమే వేరు. కుజుడు ఎనిమిదిలో ఉండడు, తొమ్మిదికి పోతాడు. దోషం లేదు."

అత్తగారు పిన్ని మొహంలోకే చూస్తూ కూర్చుంది. "ఇంకెవరు చెప్పినా నమ్మకపోదునండీ. మీరు టైము దిద్దరని జిల్లా అంతా చెప్తారు. మీ మాట మీద నా కొడుకుని ఇస్తన్నాను," అంది. కళ్ళు తుడుచుకుంది. అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టింది.

ఆ మధ్యాహ్నం అందరం కలిసి భోంచేశాం. వేయించిన కందిపప్పు కమ్మటి వాసన ఇల్లంతా. గిన్నె పిన్ని దగ్గరకొచ్చింది. పక్కకి జరిపేసింది. "ఏఁవిటి పిన్నీ, పప్పొద్దా?" అన్నాను. "వాతం," అంది. కీళ్ళు పట్టేస్తున్నాయి, పప్పు పడ్డం లేదు అంది. పెళ్ళి కుదిరిన సంతోషంలో నేనెక్కడున్నానో నాకే తెలీదు, ఇంక ఆవిడ వాతం నాకెందుకు. మరి ఆవిడ మళ్ళీ కందిపప్పు నోట పెట్టలేదు. నేనెప్పుడైనా బలవంతం చేస్తే, "ఈ మోకాళ్ళు నీవి కావు కదుటే" అనేది.

పెళ్ళయింది. నాకైతే పండగే. దొరికింది కదా ఆయుధం! "చూసేవా పిన్నీ, మొదటి కూతైతే మొగుడు బతుకుతాడు, రెండో కూతైతే చస్తాడు. ఇదీ మీ శాస్త్రం. మిల్లువాడు ఆ రోజు కూత మర్చిపోతే నాకు పెళ్ళే కాదన్నమాట!" అని ఏడిపించేదాన్ని. ఆవిడ నవ్వేది. "నీ రాకెట్టు అరగంట ఆలస్యంగా వదిలితే చంద్రుడి మీద దిగుతుందేటే?" అనేది. దానికి నా దగ్గర జవాబుండేది, చెప్పేదాన్ని కూడా, కానీ అప్పటికి ఆవిడ లేచి వెళ్ళిపోయేది. ఇదివరకట్లా కూర్చుని వాదించేది కాదు. ముసలితనం అనుకున్నాను.

అప్పుడే ఫోన్లు మొదలయ్యేయి. మంగళవారం మంగళవారం, తెల్లవారకుండానే. మొదట్లో వాళ్ళింట్లో ఫోను లేదు. బొబ్బిలి బజార్లో ఎస్టీడీ బూతు కుర్రాణ్ణి నిద్రలేపి మరీ చేసేది. వాడు విసుక్కుంటున్న చప్పుడు నాకు వినిపించేది. తరవాత ఇంట్లో ఫోనొచ్చింది, ఆ తరవాత చేతిలో ఫోనొచ్చింది. మాటలు మాత్రం మారలేదు.

"అల్లుడు లేచేడా?"

"లేచేరు పిన్నీ."

"ఏం చేస్తన్నాడు?"

"పళ్ళు తోముకుంటన్నారు."

"సరే." టక్కున పెట్టేసేది. అంతే మాట. ఆయన లేవకపోతే లేపమనేది. లేపి, ఆయన గొంతు వినిపించేదాకా ఊరుకునేది కాదు. మా ఆయన దుప్పట్లోంచే "లేచేనండీ, లేచేను" అని ఒక కేక పెట్టి మళ్ళీ పడుకునేవారు. ఓసారి నేను ఉడుక్కున్నాను. "అల్లుడు లేచేడా తప్ప నా సంగతి అడగవేఁవిటి? నేను చచ్చినా పర్లేదా?" అంటే, "నువ్వు ఫోనెత్తేవుగా" అంది.

మేం శ్రీకాకుళం వచ్చేశాం. పాప పుట్టింది, చదువుకుంది. అత్తగారు హాయిగా పెద్దదై వెళ్ళిపోయింది. జూట్ మిల్లు మూతబడింది, కూతలూ ఆగిపోయేయి. పిన్నికి కళ్ళు తగ్గేయి. ముందుగదిలో జనం తగ్గేరు. అందరికీ ఫోన్లలో జాతకాలొచ్చేశాయి కదా. పోయినేడు మా పాప వాళ్ళ చిన్నమ్మమ్మకి చూపిస్తానని తన ఫోన్లో పుట్టినరోజూ టైమూ కొట్టింది. రెప్పపాటులో చక్రం, దశలు, అన్నీ వచ్చేశాయి. పిన్ని ఫోను చెయ్యంత దూరంలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "లెక్క సరిగ్గానే ఉందమ్మా. కానీ తిన్నావా అని అడగలేదేటిది?" అంది. మేమంతా పడీపడీ నవ్వేం.

రెండ్రోజుల జ్వరంలో పోయింది. అంతకు ముందు మంగళవారం కూడా ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "అల్లుడు లేచేడా?" "లేచేరు. నీకేఁవిటా గొంతు? మందేసుకున్నావా?" "సరే," అంది, పెట్టేసింది. నాతో ఆఖరి మాట అదే, సరే.

ఆవిడ పోయేక మంగళవారాలు ఫోను మోగదు. అయినా మా ఇద్దరికీ ఆ వేళకి మెలకువ వచ్చేస్తుంది. ఆయన కాసేపు కప్పుకేసి చూస్తూ పడుకుని, "ఎవరికి చెప్పనే లేచేనని" అన్నారొకసారి.

మొన్నటి పోటీలో కుర్రాడికే మొదటి బహుమతి ఇచ్చేను. ఇవ్వకపోతే అన్యాయం. కానీ మనసు మనసులో లేదు. ఆదివారం విజయనగరం వెళ్ళేను, అమ్మ అక్కడ మా తమ్ముడి దగ్గరుంటోంది. వెళ్ళేసరికి చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుకుంటోంది. పక్కన చతికిలబడి పోటీ సంగతి చెప్పేను.

"మీ పిన్నుంటే నీ వీపు చీరేసేది," అంది అమ్మ.

"ఎందుకూ, నా జాతకం తప్పని తేల్చింది ఆవిడే కదా. కునికిపాట్లు పడుతూ ఒక కూతకి ఇంకో కూత విందిట. ఈ శాస్త్రం కోసం జనం అన్నాలు మానేస్తారు."

అమ్మ చేట ఆపింది. పప్పులో వేళ్ళు అలాగే ఉంచేసింది. "అది తప్పు వినలేదే," అంది.

"అంటే?"

"మొదటి కూత కూసినప్పుడు మీ అమ్మమ్మ పురిటిస్నానానికి నీళ్ళు పొయ్యెక్కించింది. కట్టెలు తడి, ఎంతకీ అంటుకోవు. నువ్వు పుట్టేసరికి ఆ నీళ్ళు మసిలిపోతన్నాయి. చన్నీళ్ళు కలిపి పోసేరు నీకు. మొదటి కూతకే పుడితే మసిలిన నీళ్ళు ఎక్కణ్ణుంచొస్తాయి? అరుగు మీంచి అది 'రెండో కూత, రెండో కూత' అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కునికిపాట్లూ లేవు, ఏమీ లేవు. నాకు వినపళ్ళేదనుకున్నావా? కన్నదాన్ని నేను."

"మరి ఆ రోజు నువ్వెందుకు ఊరుకున్నావు?"

"నీ మొహం చూసి," అంది అమ్మ. కాసేపు పప్పు ఏరింది. "మీ అత్తగారు బస్సెక్కేక నూతి దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. 'అక్కా, మా అత్తవారు చేసిన పనే నేనూ చేసేను. కుజుడు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాడు' అంది. కందులు కుజుడికి దానమివ్వాల్సినవి కదే. మంచినీళ్ళు తాగుతూనే మొక్కేసుకుందిట. 'నాకు ప్రాణమైన పప్పు నీకు వదిలేస్తన్నాను, ఆ పిల్ల మొగుణ్ణి ముట్టుకోకు' అని. వాతమూ లేదు, మోకాళ్ళూ లేవు."

"మంగళవారం ఫోను..." అన్నాను.

"కుజుడి రోజే కదా. పొద్దున్నే అల్లుడు లేచేడంటే దానికి ఆ వారం గడిచినట్టు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అదే పోయింది, ఇంక ఒట్టేఁవిటి," అని అమ్మ చెంగుతో మొహం కప్పుకుంది.

బస్సులో తిరిగొస్తూ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. నాకేం భయం లేకుండా కాపురం చేసుకున్నాను. నమ్మనిదానికి భయమెందుకుంటుంది? ఆయన బండి మీద వెళ్ళి ఆలస్యంగా వచ్చినా, జ్వరంతో పడుకున్నా, నాకు కుజుడు గుర్తు రాలేదు. నమ్మింది ఆవిడ. బాబాయి పోయింది దిద్దిన టైము వల్లేనని నమ్మిన మనిషి, అదే తప్పు నా కోసం తన చేత్తో చేసింది. నా వంతు భయం కూడా ఆవిడే పడింది. నేనేమో ఫోను పెట్టేసి నవ్వుకునేదాన్ని, పిన్నికి చాదస్తం ముదిరిందని.

ఇప్పుడు ఆవిడ ఎదురుగా ఉంటే బావుణ్ణు. ఆ చాప మీద, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని. ఆయనకి అరవై దాటేయి, గుండ్రాయిలా ఉన్నారు, ఇంక ఒప్పుకో జాతకం తప్పని అంటాను. నా పప్పు వల్ల బతికేడే అంటుంది. పప్పుకీ ప్రాణానికీ సంబంధమేఁవిటంటాను. తిన్నావేటే అంటుంది. ఎవరు నెగ్గినా నాకు పర్లేదు. నేను ఓడిపోయినా పర్లేదు. ఆ గొంతు కావాలి నాకు. ముద్దపప్పు కలిపి, గుంట చేసి, నెయ్యి పోసి ఆవిడ నోట్లో నేను పెట్టాలి. ఇంక చాల్లే పిన్నీ, బాకీ తీరిపోయింది, తిను అనాలి.

మా ఆయనకి ఏమీ చెప్పలేదు.

నిన్న మంగళవారం. ఆయనకన్నా ముందే మెలకువొచ్చింది. ఫోను చేతిలో పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. వీపు కదుల్తోందా లేదా అని చూస్తున్నాను, ఫిజిక్స్ లెక్చరర్ని! నా తిక్కకి నాకే సిగ్గేసింది. అయినా చూపు తిప్పుకోలేదు. కాసేపటికి ఇటు తిరిగి కళ్ళు తెరిచేరు. "ఏటే, అలా చూస్తన్నావు?"

"లేచేరా?"

"లేచేను."

"ఏం చేస్తన్నారు?"

"ఏం చేస్తాను, నీ మొహం చూస్తన్నాను," అని లేచి పళ్ళు తోముకోడానికి వెళ్ళిపోయేరు. సరే, అన్నాను గోడకేసి చూసి.

పొద్దున్నే వంట చేసుకుని భోంచేసి కాలేజీకి వెళ్ళడం మాకలవాటు. అన్నం, బీరకాయ కూర, ఆయనకిష్టమని కందిపప్పు వేయించి ముద్దగా ఉడకేశాను. ఆయన కంచంలో వేసి నెయ్యి పోసేను. ఆవకాయ బద్ద వేసేను. నా కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పప్పు గిన్నె నా వైపు తోసేరు. నేను పక్కకి జరిపేను.

"ఏం, పప్పొద్దా?"

"వాతం," అన్నాను.